ఒక్క రాత్రిలో ఎడమచెవి వినికిడి పోయాక: విజయనగరంలో నా అనుభవం

నేను విజయనగరంలో ఒక న్యాయస్థానంలో స్టెనోగ్రాఫరుగా పనిచేస్తున్నాను. వయస్సు నలభై ఏడు. సాక్షి చెప్పినదాన్ని, న్యాయమూర్తి గారు చెప్పి రాయించేదాన్ని ఒక్క మాట పొల్లుపోకుండా వినడమే నా ఉద్యోగం. 2025 జనవరి 13న, భోగి నాడు తెల్లవారుజామున నిద్ర లేచేసరికి నా ఎడమచెవి వినిపించడం మానేసింది. ఆ తరువాత జూలై దాకా ఏమి జరిగిందో, ఎక్కడ ఎంత కాలం పోయిందో, ఎంత ఖర్చయిందో వరుసగా రాస్తున్నాను. ఇలాంటి కష్టంలో మొదటి వారం ఎంత విలువైనదో నాకు ముందుగా చెప్పినవారు లేరు. అందుకే ఆ వారం గురించి కాస్త ఎక్కువగా రాస్తాను.

నొప్పి లేదు, చీము లేదు, జలుబు అంతకన్నా లేదు. చెవి లోపల ఏదో నిండి బిగిసినట్టు ఉంది, దానితో పాటు ఎడతెగని హోరు. మంచం దిగగానే ఒకసారి తూలాను, గోడ పట్టుకుని నిలబడితే అది తగ్గింది. పండగ శుభాకాంక్షలు చెప్పడానికి మా అక్క ఫోను చేసింది. అలవాటుగా ఎడమచెవికి పెట్టుకుంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలిసింది గాని ఏమంటున్నారో తెలియలేదు. స్టేషను సరిగ్గా కుదరని రేడియోలా గరగర మాత్రమే వినిపించింది. కుడిచెవికి మార్చగానే ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. లోపం ఫోనులో లేదని అప్పుడు తెలిసింది.

సంక్రాంతి మూడు రోజులూ ఊళ్ళో చెవి, ముక్కు, గొంతు వైద్యుల క్లినిక్కులు మూసే ఉన్నాయి. మందుల దుకాణం ఒకటి తెరిచి ఉంటే మావారు వెళ్ళి అడిగారు. "ఏటీ లేదండీ, గులిమి పట్టేసుంటది, ఈ చుక్కలు వేస్తే కరిగిపోద్ది" అని ఒక సీసా ఇచ్చారు. భోగి, పెద్ద పండగ, కనుమ, మూడు రోజులూ పూటపూటా ఆ చుక్కలు వేసుకున్నాను. ఏ మార్పూ లేదు. 16వ తేదీ ముక్కనుమ నాడు ఒక సాధారణ వైద్యుడి క్లినిక్కు తెరిచారని తెలిసి వెళ్ళాము. ఆయన చెవిలోకి దీపం వేసి చూసి, గులిమి లేదని, కర్ణభేరి శుభ్రంగా ఉందని చెప్పి, ముక్కు నుంచి చెవికి వెళ్ళే గొట్టం జలుబు వల్ల మూసుకుపోయిందని అన్నారు. నాకు జలుబు లేదని చెప్పాను. ఒక్కొక్కసారి జలుబు పైకి కనిపించదని చెప్పి, ఐదు రోజులకు మాత్రలు, ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసి, తగ్గకపోతే అప్పుడు రమ్మన్నారు.

ఆ ఐదు రోజులూ నేను ఆగలేదు. అందుకు కారణం శ్రీకాకుళంలో నర్సుగా పనిచేస్తున్న మా ఆడపడుచు. 18వ తేదీ శనివారం రాత్రి తను ఫోను చేసినప్పుడు మాటల మధ్యలో సంగతి చెప్పాను. వెంటనే నన్ను ఆపి, "వదినా, నోరు మూసుకుని 'మ్' అని గట్టిగా రాగం తియ్యండి. ఏ చెవిలో ఎక్కువ వినిపిస్తోందో చెప్పండి" అంది. కుడిచెవిలోనే వినిపిస్తోందని చెప్పాను. "గులిమి గాని నీరు గాని అడ్డం పడి ఉంటే ఎడమచెవిలోనే గట్టిగా వినిపించాలి. మంచి చెవిలో వినిపిస్తోందంటే అడ్డం కాదు, లోచెవి దెబ్బతిని ఉండవచ్చు. సోమవారం పొద్దున్నే చెవి డాక్టరు దగ్గర కూర్చోండి, ఒక్క పూట కూడా ఆలస్యం చేయకండి" అంది. ఇది ఇంట్లో చేసుకునే చిన్న పరిశీలనే గాని రోగనిర్ధారణ కాదని తనే చెప్పింది. అయినా నన్ను మంచం మీద నుంచి లేపి వైద్యుడి దగ్గరికి నడిపించింది అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

20వ తేదీ సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు చెవి వైద్యుని క్లినిక్కుకు చేరాము. పండగ తరువాతి రోజులు కావడంతో జనం నిండిపోయి ఉన్నారు. రెండు గంటలకు పైగా కూర్చున్నాము. లోపలికి వెళ్ళాక వైద్యుడు 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్కు) మోగించి నా నుదుటి మధ్యన ఆనించి ఏ చెవిలో వినిపిస్తోందని అడిగారు. కుడిచెవిలో అన్నాను. తరువాత చెవి వెనుక ఎముక మీద, ఆపై చెవి ముందు పెట్టి అడిగారు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వారం రోజులుగా ఎవరూ చేయని పరీక్ష అది, దానికి విడిగా పైసా తీసుకోలేదు. ఆయన ముఖం గంభీరమైంది. భోజనానికి వెళ్ళకుండా ముందు ఆడియోగ్రామ్ చేయించుకుని రమ్మన్నారు.

ఆడియోగ్రామ్ పరీక్షకు ఆరు వందల రూపాయలు, సుమారు నలభై నిమిషాలు పట్టింది. శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమంటారు. కొత్తగా వెళ్ళేవారు ఒక సంగతి తెలుసుకుంటే కంగారు పడరు. వినబడని చెవిని పరీక్షించేటప్పుడు బాగున్న చెవిలోకి గాలి వీస్తున్నట్టు ఒక హోరు పంపుతారు. చెడిన చెవిలోకి పంపే పెద్ద శబ్దం తల ఎముక గుండా అవతలి చెవికి చేరిపోతుంది కనుక, ఆ చెవిని పక్కకు తప్పించడానికి అలా చేస్తారు. ఆ హోరు మొదలవగానే ఉన్న చెవి కూడా పోతోందేమోనని నేను భయపడి లేచి నిలబడ్డాను. ఆ తరువాత చెవి వెనుక ఎముక మీద ఒక కంపన యంత్రాన్ని పెట్టి మళ్ళీ పరీక్షించారు. ఫలితాల కాగితం మీద గాలి ద్వారా, అంటే హెడ్‌ఫోన్లతో, విన్న గీత, ఎముక ద్వారా విన్న గీత రెండూ ఒకదాని మీద ఒకటి కిందికి దిగిపోయాయి. మధ్యచెవిలో అడ్డం ఉంటే ఎముక గీత పైనే నిలబడేదట.

అంకెలు ఇవి. హెర్ట్జ్ అన్నది ధ్వని స్థాయి, ఆ అంకె పెరిగేకొద్దీ ధ్వని కీచుగా ఉంటుంది. డెసిబెల్ అన్నది వినబడాలంటే శబ్దం ఎంత గట్టిగా ఉండాలో చెప్పే కొలత, ఆ అంకె పెరిగితే వినికిడి తగ్గినట్టు. కుడిచెవి అన్ని స్థాయిల్లోనూ 15 నుంచి 20 డెసిబెల్స్ మధ్య ఉంది, అది మామూలే. ఎడమచెవి 500 హెర్ట్జ్ వద్ద 60, 1000 వద్ద 65, 2000 వద్ద 70, 4000 వద్ద 80. చివరగా తెలుగు మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. శబ్దాన్ని ఎంత పెంచినా ఎడమచెవితో నేను సరిగ్గా చెప్పినవి నూటికి నలభై మాత్రమే. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసినది ఆ నలభై. నిశ్శబ్దాన్ని భరించగలనేమో గాని, శబ్దం చేరినా మాట చేరని చెవితో కోర్టులో ఎలా కూర్చోవాలి?

వైద్యుడు మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చెప్పారు. లోచెవిలో కర్ణావర్తం అనే నత్తగుల్ల లాంటి గొట్టం రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. దాని పొడవునా సుమారు పదిహేను వేల రోమ కణాలు ఉంటాయి. మొదటి చుట్టులో ఉన్నవి కీచుమనే సన్నని ధ్వనులను, కొస దగ్గర ఉన్నవి మందమైన ధ్వనులను పట్టుకుని నాడికి అందిస్తాయి. చనిపోయిన రోమ కణం మనుషుల్లో తిరిగి పుట్టదు, అయితే దెబ్బతిని ఇంకా చనిపోనివి కోలుకోవచ్చు. వైద్యమంతా ఆ రెండో రకం కోసమే. మూడు రోజుల లోపల, పక్కపక్కనున్న కనీసం మూడు ధ్వని స్థాయిల్లో 30 డెసిబెల్స్ అంతకు మించి వినికిడి పడిపోతే దానిని ఆకస్మిక లోచెవి వినికిడి లోపంగా లెక్కిస్తారని, దానిని అత్యవసరంగా చూడాలని చెప్పారు. స్టెరాయిడ్ మందులు మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఆశ ఉంటుందట. నేను ఎనిమిదో రోజున ఆయన ముందు కూర్చున్నాను. ఎంత తిరిగివస్తుందని అడిగితే, కొందరికి పూర్తిగా, కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు, మీరు ఎందులో ఉంటారో ఇప్పుడు చెప్పలేను అన్నారు. ఆ సూటి జవాబు ఆ రోజు కఠినంగా తోచింది. తరువాతి నెలల్లో నన్ను నిలబెట్టినది కూడా అదే.

ఆ మధ్యాహ్నమే మందులు మొదలయ్యాయి. ఉదయం టిఫిను చేశాక 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మూడు, అంటే రోజుకు 60 మిల్లీగ్రాములు, పది రోజులు. ఆపై కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి, ఒక్కసారిగా మానకూడదు. మందుల ఖర్చు కడుపు మాత్రలతో కలిపి మూడు వందలు దాటలేదు. చెల్లించవలసిన అసలు మూల్యం శరీరానిది. రాత్రి రెండింటి దాకా కళ్ళు మూతపడేవి కావు. ఆకలి ఆగేది కాదు, చిన్న మాటకే ఏడుపు వచ్చేది, వారానికల్లా ముఖం ఉబ్బింది. నాకు మధుమేహం లేకపోయినా భోజనం తరువాత చక్కెర 190 దాకా వెళ్ళింది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పి తీరాలి. మాత్ర ఉదయమే వేసుకోవడం, అన్నం తగ్గించి కూర ఎక్కువ తినడం నాకు కొంత ఉపశమనం ఇచ్చాయి.

ఈ లోపు ఇంట్లో కారణాల వెదుకులాట మొదలైంది. భోగి నాడు చీకటితోనే తలస్నానం చేయడం వల్లనని మా అత్తగారు, దిష్టి అని పక్కింటి పెద్దమ్మ, ఫోను ఎక్కువ మాట్లాడడం వల్లనని మరొకరు. స్నానం చేయకముందే చెవి పోయిందని ఎంత చెప్పినా వినేవారు లేరు. వైద్యుడిని మావారు ఇదే అడిగారు. పదిమందిలో తొమ్మిదిమందికి కారణం దొరకదని, వైరస్ గాని, లోచెవికి రక్తాన్ని అందించే ఒకే ఒక్క సన్నని ధమనిలో ప్రవాహం ఆగడం గాని కావచ్చని అనుమానిస్తారని ఆయన చెప్పారు. ఆ మాట నేను ఇంటికి వచ్చి అందరి ముందూ చెప్పించాను. రోగంతో ఉన్న మనిషికి నింద కూడా మోయవలసి రావడం అన్యాయమని నా అభిప్రాయం.

వినికిడి నాడి మీద గడ్డ ఉన్న కొద్దిమందిలో కూడా ఇలాగే మొదలవుతుందని, అది లేదని తేల్చుకోవడానికి ఎమ్మారై తీయించమన్నారు. 24వ తేదీ శుక్రవారానికి సమయం దొరికింది. రంగు మందు ఎక్కించే పరీక్ష కనుక ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కావాలన్న సంగతి అక్కడికి వెళ్ళాక చెప్పారు. దానికి మరో మూడు గంటలు పోయింది. మొత్తం ఎనిమిదిన్నర వేలు. చెవుల్లో రక్షణ పెట్టినా ఆ యంత్రపు మోత ఎడమచెవిలో పగిలిన రేకు చప్పుడులా బాధించింది. శని, ఆదివారాలు, అందులో ఆదివారం గణతంత్ర దినోత్సవం కావడంతో నివేదిక 27న గాని చేతికి రాలేదు. గడ్డ ఏదీ లేదని రాసి ఉంది. ఆ మూడు రోజులూ మా అమ్మాయి నా పక్కనే పడుకుంది.

ఫిబ్రవరి 3న రెండో ఆడియోగ్రామ్ తీశారు. 500 వద్ద 45కు, 1000 వద్ద 50కి, 2000 వద్ద 60కి గీత పైకి వచ్చింది. 4000 వద్ద 75, అంటే దాదాపు కదలలేదు. మాటల పరీక్ష 56కు చేరింది. మాత్రలతో ఇంతవరకు వచ్చింది గనుక, ఇంకా గడువు ఉన్నప్పుడే కర్ణభేరి గుండా మధ్యచెవిలోకి నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇప్పించుకోమని విశాఖపట్నం పంపించారు. రెండు నుంచి ఆరు వారాల మధ్య ఇది ఉపయోగపడే అవకాశం ఉందట.

ఫిబ్రవరి 5, 12, 19 తేదీల్లో, మూడూ బుధవారాలే, ఆ ఇంజెక్షన్లు తీసుకున్నాను. చెవిలో సూది అన్న మాటకే చేతులు చల్లబడిపోతాయి కాబట్టి జరిగినది జరిగినట్టు చెబుతాను. పడుకోబెట్టి, కర్ణభేరికి మత్తు మందు తగిలించి పది నిమిషాలు ఆగుతారు. సూది పోటు ఒక్క క్షణమే. మందు లోపల నిండేటప్పుడు గది గిర్రున తిరుగుతుంది, అది ఒక నిమిషం లోపే తగ్గింది. ఆ తరువాత అరగంట పాటు చెడిన చెవి పైకి ఉండేలా పక్కకు తిరిగి, మాట్లాడకుండా, వీలైనంతవరకు ఉమ్మి మింగకుండా పడుకోవాలి. మింగితే మందు గొంతులోకి జారిపోతుందట. నొప్పి కన్నా ఆ మింగకపోవడమే కష్టం. ఒక్కొక్కసారికి రెండున్నర వేలు. చెవిలోకి నీరు పోకుండా చూసుకోవాలి, ఆ రోజు ఒంటరిగా ప్రయాణం చేయకూడదు. మొదటిసారి బస్సులో తిరిగి రావడం వల్ల తల తిప్పుడు ఎక్కువైంది. తరువాత రైలులోనే వచ్చాము.

మార్చి 10న మూడో ఆడియోగ్రామ్. 500 వద్ద 30, 1000 వద్ద 40, 2000 వద్ద 50, 4000 వద్ద 70. మాటలు నూటికి 72. నలభై నుంచి డెబ్భై రెండుకు రావడం చిన్న సంగతి కాదని, వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు చెప్పారు. నాకూ సంతోషం కలిగింది, అయితే ఆ రోజు కాగితం మీద లేనివి కొన్ని నేను ఆమెను అడిగాను. స్టీలు గిన్నె కిందపడితే, కుక్కరు కూత వేస్తే ఎడమచెవిలో పోటు ఎందుకు వస్తోంది? సన్నని శబ్దం వినబడనంత మాత్రాన పెద్ద శబ్దం తగ్గదని, లోచెవి దెబ్బతింటే వినబడడానికీ భరించలేకపోవడానికీ మధ్య ఉన్న జాగా ఇరుకైపోతుందని ఆమె వివరించారు.

ఇంకొకటి మా అమ్మాయి వయొలిన్ వల్ల బయటపడింది. తను మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకుంటోంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన ఆ కళాశాల వల్ల ఈ ఊరి ఇళ్ళలో శ్రుతి తప్పితే ఎవరో ఒకరు పట్టేస్తారు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం తను పంచమం మీద నిలబడి సాధన చేస్తుంటే నాకు రెండు పంచమాలు వినిపించాయి, ఎడమచెవిలోనిది కొంచెం పైకి ఉంది. తంతి సరిచూసుకోమన్నాను. "శ్రుతి సరిగ్గానే ఉందమ్మా" అంది. కుడిచెవి మూసుకుని ఒకసారి, ఎడమచెవి మూసుకుని ఒకసారి విన్నాక తేడా నా చెవిదేనని తేలింది. కర్ణావర్తంలో ఒక్కొక్క చోటు ఒక్కొక్క స్థాయికి కేటాయించి ఉంటుంది కనుక, కొన్ని చోట్లు దెబ్బతింటే అదే స్వరం పక్క చోటు నుంచి అందుతుందట. ఏప్రిల్‌కు ఆ తేడా చాలావరకు తగ్గింది. అది తగ్గే వరకు అమ్మాయి నా ఎదుట వాయించడం మానేసింది, అది నన్ను చాలా బాధపెట్టింది.

ఫిబ్రవరి మొదటి వారంలో విధులకు వచ్చాను. మొదటి నెలలోనే ఒక సాక్ష్యంలో నాకు అసలు ప్రమాదం అర్థమైంది. సాక్షి బోను నా ఎడమవైపు ఉంటుంది. దెబ్బలాట కేసులో సాక్షి 'కత్తితో కొట్టాడు' అన్నాడో, 'కట్టెతో కొట్టాడు' అన్నాడో నాకు తెలియలేదు. శబ్దం చేరింది, అక్షరం చేరలేదు. ఆ ఒక్క అక్షరం మీద ముద్దాయికి పడే సెక్షనే మారిపోతుంది. వెంటనే లేచి, మళ్ళీ చెప్పించమని న్యాయమూర్తి గారిని కోరాను. ఆ సాయంత్రం ఛాంబరులో ఆడియోగ్రామ్ చూపించి, నా బల్లను అవతలి వైపుకు మార్చమని రాతపూర్వకంగా అడిగాను. మరుసటి రోజే మార్పించారు. సాక్షి నా కుడివైపుకు వచ్చాక పనిలో తేడా వెంటనే తెలిసింది. ఇలాంటి సదుపాయం అడగడానికి మొహమాటపడనక్కరలేదు, నోటిమాటగా గాక కాగితం మీద అడిగితే బదిలీ అయి కొత్త అధికారి వచ్చినా నిలుస్తుంది.

వీధిలో మాత్రం బల్లలు మార్చే వీలు లేదు. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో రెండు చెవులకూ అందే కాలంలో, తీవ్రతలో ఉన్న తేడాను బట్టి మెదడు తేల్చుకుంటుంది. నాకు అన్ని హారన్లూ కుడివైపు నుంచే వచ్చేవి. కోట కూడలిలో రోడ్డు దాటేటప్పుడు మావారి చేయి వదిలేదాన్ని కాను. ఇప్పటికీ అక్కడ కళ్ళతోనే దాటుతాను.

వికలాంగ ధ్రువపత్రం గురించి వార్డు సచివాలయంలో అడిగాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉన్నవారినే లెక్కలోకి తీసుకుంటుంది. శాతం కట్టేటప్పుడు కూడా మంచి చెవి నష్ట శాతాన్ని ఐదుతో హెచ్చించి, చెడ్డ చెవి నష్ట శాతాన్ని కలిపి, ఆరుతో భాగిస్తారు. కాబట్టి ఒక చెవి పూర్తిగా పోయినా ధ్రువపత్రానికి అర్హత రాదు. ఒక చెవి మాత్రమే పోయినవారు దీని కోసం క్యూలలో నిలబడి అలసిపోకుండా ఈ సంగతి రాస్తున్నాను. ఆస్పత్రిలో చేరే పని లేని వైద్యం కావడంతో మా ఖర్చంతా చేతి నుంచే పెట్టుకున్నాము.

ఏప్రిల్ మొదటి వారంలో ఎడమచెవికి వినికిడి యంత్రం పెట్టి వారం రోజులు ఇంటికి ఇచ్చి పంపారు. ఇలా ప్రయత్నించి చూడనివ్వని చోట కొనకూడదని నా గట్టి అభిప్రాయం. మొదటి రెండు రోజులు నా నమలుడు, కాగితాల రెపరెప, ఫ్యాను గాలి భరించరానంతగా వినిపించాయి. ఆడియాలజిస్టు దానిని దశలవారీగా సర్దారు. యంత్రం శబ్దాన్ని పెంచగలదే గాని పోయిన స్పష్టతను తిరిగి ఇవ్వలేదని ఆమె ముందే చెప్పడం మంచిదైంది. అది పెట్టుకున్నాక హోరు వెనక్కి తగ్గింది, రాత్రి తీసేశాక తిరిగి వస్తుంది. అప్పుడు ఫ్యాను చప్పుడులో దానిని మరిచిపోవడం అలవాటు చేసుకున్నాను. ఛార్జింగ్ చేసుకునే రకం వినికిడి యంత్రానికి ముప్పై ఎనిమిది వేలు అయింది. వినికిడి యంత్రాలపై జీఎస్టీ లేదు, బిల్లులో చూసుకోవాలి. మన తీరపు ఉక్కపోతకు తేమ పడుతుంది కనుక రాత్రిళ్ళు తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టమన్నారు.

జూలై 21న తీసిన ఆడియోగ్రామ్‌లో అంకెలు మార్చిలో ఉన్నవే. ఇక పెద్ద మార్పు ఉండకపోవచ్చునని, ఏడాదికి ఒకసారి పరీక్ష చాలునని వైద్యుడు చెప్పారు. కుడిచెవిలో గాని ఏమాత్రం తేడా అనిపిస్తే మాత్రం పండగైనా, ఆదివారమైనా ఆగకుండా అదే రోజు విశాఖపట్నంలోని పెద్ద ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్ళమన్నారు. అందుకోసం నాలుగు ఆడియోగ్రామ్‌ల నకళ్ళు, ఎమ్మారై నివేదిక, నాకు స్టెరాయిడ్ వల్ల చక్కెర పెరిగిందన్న కాగితం ఒక కవరులో పెట్టి, అది ఎక్కడుందో మావారికీ అమ్మాయికీ చూపించాను.